తాను తవ్వని గొయ్యి

పొద్దున్నే సమాధుల తోట గేటు తీసిన గుంటల తాతకు తాను తవ్వని గొయ్యి ఒకటి కనపడింది.

మంచు ఇంకా వీడలేదు. రాతి సిలువలు సగం దాకా మంచులో మునిగి, చేతులు చాచి నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. ఆ మూల, చర్చి గంట కొట్టే గంటాయన కొడుకును పూడ్చిన చోట, మట్టి ఇంకా అణగలేదు. పైన పెట్టిన పూలు నల్లబడ్డాయి. ఆ మట్టికుప్పకు పక్కనే, ఒక మనిషి నిలబడేంత ఎడం వదిలి, నేల నోరు తెరుచుకుని ఉంది.

ఆయన తొందరపడలేదు. బీడీ తీశాడు, వెలిగించకుండానే మళ్ళీ జేబులో పెట్టాడు. నిన్న సాయంత్రం గేటు వేసేటప్పుడు ఆ జాగాలో గడ్డి ఉంది. తన కళ్ళతో చూశాడు.

గొయ్యి మోకాలి లోతే. కానీ తవ్వింది నక్కా కాదు, కుక్కా కాదు. మూలలు చెక్కి ఉన్నాయి. అలాగని పని వచ్చినవాడి తవ్వకమూ కాదు. పైమట్టి, అడుగుమట్టి కలిపేశాడు. మన్ను రెండు పక్కలా పోశాడు. ఏడ్చేవాళ్ళు ఎక్కడ నిలబడతారు? ఎక్కి రావడానికి మూలన కాలు ఆనించే గూడు తియ్యలేదు. తవ్వినవాడికి పైకి వచ్చే ఆలోచనే లేనట్టుంది.

షెడ్డులోంచి కొలకర్ర తెచ్చి పెట్టి చూశాడు. కర్ర అయిపోయింది గానీ గొయ్యి అయిపోలేదు. ఇంకా జానెడు మిగిలింది. ఇంత పొడుగు గొయ్యి ఆయన ఎప్పుడో గానీ తవ్వలేదు.

గడ్డపార, పార షెడ్డులో వాటి చోటే ఉన్నాయి. తుడిచి మరీ పెట్టి ఉన్నాయి. పార మాత్రం మొహం ఇటు తిరిగి ఉంది. ఆయన ఎప్పుడూ దాని మొహం గోడకు పెడతాడు.

గొయ్యి తవ్వితే మనిషిని పెట్టాలి, లేకపోతే పైన చెక్కలు పరవాలి. నోరు తెరిచి వదలకూడదు. అది ఆయన పద్ధతి. ఎందుకని అడిగితే చెప్పడు. వాళ్ళ నాన్న కూడా ఆయనకు చెప్పలేదు. ఎండ ఎక్కేలోపే పూడ్చడం మొదలుపెట్టాడు. పూడుస్తుంటే చర్చి గంట మోగింది. రోజూ మోగే వేళే. కానీ గంట కుంటుతున్నట్టుంది. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ తేలిగ్గా, మధ్యలో ఒకటి పడకుండానే. గంటాయన చేతిలో ఆ గంట ఎన్నడూ తడబడలేదు. కొడుకు పోయిన మనిషి, పోనీలే అనుకున్నాడు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"నక్కలేమోనయ్యా," అంది భార్య.

"మూలలు చెక్కి ఉన్నాయి."

"అయితే చదువుకున్న నక్క."

ఆయన నవ్వలేదు. ఆవిడ నవ్వి, మొగుడి మొహం చూసి ఆపేసింది.

"పొడుగు మేస్త్రి వాళ్ళమ్మ మంచం పట్టింది కదా, ఇవాళో రేపో అంటున్నారు. ఆమె కోసం ముందే ఎవరైనా..."

"నన్ను కాదని ఎవరు తవ్వుతారు?"

"అదే కదా! నీ పనికి పోటీ రాదని ఇన్నాళ్ళూ ధీమాగా ఉన్నాం." ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "ఆ మేస్త్రి పేరెత్తాలన్నా నాకు కడుపు మండుతుంది. కలప డిపోలో దుంగల మీద నుంచి గంటాయన పిల్లాణ్ణి తోసింది వాడే. ముసలి కూలీని కొట్టొద్దని అడ్డం పోయాడు, అదీ ఆ పిల్లాడు చేసిన నేరం. చూసినవాళ్ళు బోలెడు మంది. స్టేషన్లో మాత్రం అందరిదీ ఒకటే మాట, జారి పడ్డాడు. గంటాయన గనక ఊరుకున్నాడు."

"ఊఁ."

"పూడ్చే రోజు ఎంత మాటన్నాడయ్యా! డిపో కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని బయల్దేరితే అడ్డం నిలబడి, 'నేను వాణ్ణి క్షమించాను, ఎవరూ చెయ్యెత్తొద్దు' అన్నాడే. నాకు ఒళ్ళు జలదరించింది."

గుంటల తాత కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కూడా అక్కడే ఉన్నాడు, పార పట్టుకుని. గంటాయన గొంతు నిబ్బరంగానే ఉంది. చేతులు మాత్రం పంచె అంచును మెలిపెడుతున్నాయి, గుడ్డ చిరిగేదాకా. అది చూసింది తనొక్కడే.

మర్నాడు గొయ్యి మళ్ళీ ఉంది. ఈసారి నడుము లోతు.

ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తను పూడ్చిన మన్నే, మెత్తటి మన్ను. పోయినసారికంటే తేలిగ్గా తవ్వి ఉంటాడు. పూడ్చి తనే సాయం చేస్తున్నాడన్నమాట. లోపల గోడల మీద పార దెబ్బలు కనపడుతున్నాయి. నేల తవ్వే దెబ్బలు కావవి. ఒకే చోట మళ్ళీ మళ్ళీ, పంతం పట్టినట్టు పొడిచిన దెబ్బలు. కింద ఎర్రమట్టి తగిలింది. ఆ తోటలో పైన నల్లమన్ను, నడుము కిందికి దిగితే ఎరుపు.

మళ్ళీ పూడ్చాడు.

ఆదివారం ఆరాధనకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన ఎప్పుడూ కాస్త జాగా ఉంటుంది. ఎవరూ తప్పుకున్నట్టు కనపడరు, కానీ తప్పుకుంటారు. ఆయన చూపు మనిషి తల మీద పడి పాదాల దాకా దిగుతుందని, అది కొలవడమేనని ఊళ్ళో అందరికీ అనుమానం. అనుమానం నిజమే. కావాలని చెయ్యడు. కళ్ళు అలవాటుపడ్డాయి. అందుకే మనుషులతో మాట్లాడేటప్పుడు నేల చూస్తాడు.

పాస్టరుగారు వాక్యం ఆపి, ముందు వరస వైపు చెయ్యి చూపించారు. "ప్రభువు తనను కొట్టినవాళ్ళనే క్షమించమని తండ్రిని అడిగాడు. మనం చదువుతాం, చదివి పుస్తకం మూస్తాం. మన గంటాయన చేసి చూపించాడు. వచ్చే ఆదివారం ఆయన ఇక్కడికి వచ్చి తన సాక్ష్యం చెబుతాడు."

అందరి తలలూ అటు తిరిగాయి. గంటాయన తల ఎత్తలేదు. ఒళ్ళో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటున్నాడు. రెండు చేతులకూ గుడ్డ చుట్టి ఉంది.

అప్పుడు తలుపు దగ్గర వెలుతురు తగ్గింది. పొడుగు మేస్త్రి వచ్చాడు. ఆ ద్వారబంధం కింద తల వంచి లోపలికి వచ్చేవాడు ఊళ్ళో అతనొక్కడే. ఎవరూ జాగా ఇవ్వలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గుంటల తాత నేల చూడాలనుకున్నాడు గానీ కళ్ళు వినలేదు. తల మీద నుంచి పాదాల దాకా దిగాయి. కొలకర్ర పైన జానెడు.

గొయ్యి ఎవరి కోసమో ఆయనకు తెలిసింది. తవ్వుతున్నది ఎవరో ఇంకా అనుకోలేదు. అనుకోవడం ఇష్టంలేదు.

అందరూ వెళ్ళాక గంట గూటి మెట్లెక్కాడు. గంటాయన తాడు చుట్టి మేకుకు తగిలిస్తున్నాడు.

"చేతులకేంటి తమ్ముడూ?"

"తాడు ఒరిసిందన్నా."

"ఊఁ."

ఇద్దరూ ఊరుకున్నారు. మాటలు తక్కువ మనుషులు. చిన్నప్పటి నుంచీ ఇలా ఊరుకోవడమే వాళ్ళ స్నేహం. గుంటల తాత తాడు వైపు చూశాడు. చెయ్యి పడే చోట తాడు ఎర్రగా ఉంది. రక్తమేమో అనుకుని వేలితో తడిమాడు. వేలు మీద పొడిగా రాలింది. ఎర్రమట్టి.

"నీ కొడుకు పక్క జాగా ఎవరికైనా ఉంచమంటావా?" అని అడిగాడు.

గంటాయన ఇటు తిరిగాడు. "ఎవరు అడిగారు?"

"నేనే అడుగుతున్నా."

"ఖాళీగానే ఉండనీ. గాలి తగులుద్ది పిల్లాడికి."

మెట్లు దిగుతూ గుంటల తాత వేలి మీది ఎర్రపొడి పంచెకు తుడుచుకున్నాడు. ఎవరికి చెప్పాలి? ఊరంతా చేతులెత్తి మొక్కుతున్న మనిషి. పాస్టరుగారికి చెబితే నమ్మరు. డిపో కుర్రాళ్ళకు చెబితే వాళ్ళే పార పట్టుకుంటారు. గొయ్యి పూర్తయిన రోజు ఏం జరుగుతుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. తవ్వినవాడు మనిషిని పెట్టకుండా ఊరుకోడు. అయితే ఆ గొయ్యి పూర్తి కాకూడదు. అంతే.

ఆ షెడ్డుకు ఎన్నడూ తాళం లేదు. సమాధుల తోటలో ఎవరు దొంగతనం చేస్తారు? ఇంట్లో పెట్టె తాళం తీసుకొచ్చి, సాయంత్రం షెడ్డుకు వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

తెల్లవారుతుండగా వచ్చి పెద్ద సిలువ వెనక కూర్చున్నాడు. మంచు పాకుతోంది. గేటు చప్పుడు కాలేదు, కానీ గంటాయన లోపలున్నాడు. గోడ విరిగిన చోటు నుంచి వచ్చినట్టున్నాడు. నిద్రలో నడిచేవాడిలా నేరుగా షెడ్డు దగ్గరికి పోయాడు. తాళం చేత్తో తడిమాడు. లాగాడు. తలుపుకు నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు.

తర్వాత కొడుకు పక్కకు పోయి మోకాళ్ళ మీద కూర్చుని, ఉత్త చేతులతో మన్ను గోకడం మొదలుపెట్టాడు. గోకిన చప్పుడు తప్ప తోటలో ఇంకే చప్పుడూ లేదు. కాసేపటికి అదీ ఆగింది. చేతులు రెండూ మొహం ముందు పెట్టుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నాడు. వేరేవాళ్ళవి ఎవరో తెచ్చి తనకు అతికించినట్టు చూశాడు. లేచి వెళ్ళిపోయాడు.

గుంటల తాత ఊపిరి వదిలాడు. గండం గడిచింది. బీడీ వెలిగించి, గంట కోసం ఎదురుచూశాడు.

గంట మోగలేదు.

బీడీ అయిపోయింది. మంచు పలచబడింది. ఆయన లేచి నిలబడి చెట్ల మీదుగా చూశాడు. గంట గూడు కనపడుతోంది. గంట ఊగుతోంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, బరువుగా, ఎప్పటిలాగే ఊగుతోంది. మోత లేదు. తన చెవులు పోయాయేమో అనుకుని చప్పట్లు కొట్టి చూసుకున్నాడు. చప్పట్లు వినపడ్డాయి.

అక్కడికి ఎలా పోయాడో ఆయనకు తెలియదు. మెట్లెక్కి, తాడు దగ్గర ఎవరూ లేకపోయినా ఇంకా ఊగుతున్న గంట కింద నిలబడి పైకి చూశాడు. లోపల ఖాళీ కొక్కెం ఒకటి గాలిలో తిరుగుతోంది. గంట నాలుక లేదు. మనిషి మోచెయ్యంత పొడుగు ఇనుప నాలుక, కింద పిడికిలంత గుండు. దాన్ని ఊడదీయడం తెలిసినవాడు ఒక్కడే.

గంటాయన చేతిలోంచి పార లాక్కున్నది తనే. తాళం వేసింది తనే.

ఆయన వయసులో దాన్ని పరుగు అనరు. కానీ ఆయన ముందు నడుస్తున్నవాళ్ళంతా వెనకబడ్డారు. ఒకడు, "ఏంటి తాతా, ఎవరో లేచి పారిపోయినట్టున్నారే!" అని నవ్వాడు. ఆయన ఆగలేదు.

కలప డిపో గేటు ముందు గంటాయన నిలబడి ఉన్నాడు. రంపాలు ఇంకా మొదలుకాలేదు. లోపల దుంగలు ఇంటి ఎత్తున పేర్చి ఉన్నాయి, తడి కలప వాసన వేస్తోంది. గంటాయన చంకలో తువ్వాలు చుట్టిన వస్తువు.

గుంటల తాత వచ్చి పక్కన నిలబడ్డాడు. రొప్పు తగ్గేదాకా మాట రాలేదు.

"ఇంటికి పోదాం పద."

"తాళం ఎందుకు వేశావన్నా?"

"నువ్వు తవ్వే గొయ్యి ఎవరికో నాకు తెలుసు."

"తెలిస్తే వెయ్యకూడదు." గంటాయన గొంతు నిబ్బరంగానే ఉంది. పూడ్చే రోజు ఉన్నంత నిబ్బరంగా. "నోటితో క్షమించానన్నా. అబద్ధం కాదు. కానీ ఈ చేతులకు వినపడలేదు. తెల్లారేసరికి లేస్తాయి. పద, వాడి దగ్గరికి పద అంటాయి. తీసుకెళ్ళి గొయ్యి తవ్విస్తున్నా. వాడి గొయ్యే తవ్వుతున్నా అనుకుని ఊరుకుంటాయి. పొక్కులు లేచి పిడికిలి ముడుచుకోదు. అప్పుడు పోయి గంట కొడతా. ఆ రోజుకు గడిచిపోద్ది."

గుంటల తాత మొలతాడుకున్న తాళంచెవి తడుముకున్నాడు.

"నువ్వు పూడుస్తున్నావని తెలుసు. పూడిస్తే మంచిదే అనుకున్నా. రేపటికి పని ఉంటుందని." గంటాయన చంకలో బరువు సర్దుకున్నాడు. "ఇవాళ పని లేదు."

డిపో లోపలే ఉన్న మేస్త్రి ఇంటి వైపు నుంచి అడుగుల చప్పుడు. గేటులోని చిన్న తలుపు తెరుచుకుంది. పొడుగు మేస్త్రి తల వంచి బయటికి వచ్చాడు, వంచిన తల ఒక్క క్షణం గంటాయన గుండెల ఎత్తుకు వచ్చింది. గుంటల తాత గంటాయన చేతుల్నే చూస్తున్నాడు. తువ్వాలు కదిలింది.

మేస్త్రి తల ఎత్తి, ఎదురుగా ఎవరున్నారో చూసి బిగుసుకుపోయాడు. గడ్డం మాసి ఉంది. నిద్ర లేని కళ్ళు. ఒక అడుగు వెనక్కి వేశాడు, తలుపు తగిలి ఆగాడు.

"బాబాయ్," అన్నాడు. ఆ మాట అనే హక్కు ఉందో లేదో తెలియనట్టు అన్నాడు. కళ్ళు నేల మీదకు దించాడు. "నేను మీ దగ్గరికే వద్దామని... వచ్చే మొహం లేదు. అమ్మకు ఊపిరి ఆడటం లేదు. తెల్లారినప్పటి నుంచి ఒకటే అడుగుతోంది, గంట ఇంకా కొట్టలేదేంట్రా అని. కొట్టారమ్మా, నువ్వు నిద్రపోయావు అన్నా. నమ్మలేదు. మీ నాన్న పోయినప్పటి నుంచి ఆ గంట వినకుండా నేను లేవలేదురా, నాకు తెలియదా అంటోంది."

డిపోలో ఎక్కడో ఒక దుంగ సర్దుకున్న చప్పుడు అయింది.

"ఇవాళ ఎందుకు కొట్టలేదు బాబాయ్?"

గంటాయన చంకలోని తువ్వాలు గట్టిగా అదుముకున్నాడు. గుంటల తాత జీవితంలో ఎవరి తరపునా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడాడు.

"గంట నాలుక ఊడింది. అదిగో, చంకలో ఉంది. తగిలించాలి."

మేస్త్రి తువ్వాలు వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. అతని మొహంలో రంగు మారింది. అర్థమైందని గుంటల తాతకు అర్థమైంది. కానీ మేస్త్రి పక్కకు తప్పుకోలేదు. అరవలేదు. పొడుగు చేతులు రెండూ కిందికి వదిలేసి నిలబడ్డాడు.

"ఆమెకు చెవి బాగా వినపడుద్దా?" అని అడిగాడు గంటాయన.

"ఆ, బాగా వినపడుద్ది."

"పో. కిటికీ తీసి పెట్టు."

ఆ రోజు గంట ఆలస్యంగా మోగింది. కింద మెట్ల మీద కూర్చుని గుంటల తాత విన్నాడు. ఎక్కడా తడబడలేదు. ఎంతసేపు కొట్టాడంటే, వీధిలోకి జనం వచ్చి ఎవరు పోయారని ఒకరినొకరు అడిగారు.

దిగి వచ్చిన గంటాయన చేతుల గుడ్డ తడిసి ఉంది. గుంటల తాత మొలతాడు నుంచి తాళంచెవి ఊడదీసి ఆ చేతిలో పెట్టాడు.

"రా. నువ్వు తవ్వు. నేను పూడుస్తా."

"ఎన్నాళ్ళు?"

"నాకు వేరే పనేముంది?"

తవ్వుతుంటే గుంటల తాత గట్టు మీద కూర్చుని బీడీ కాల్చాడు. మన్ను ఒక పక్కకే పొయ్యమన్నాడు. మూలన కాలు పెట్టుకునే గూడు ఎలా తియ్యాలో చూపించాడు. గంటాయన చెప్పినట్టే చేశాడు. ఇవాళ గోడల మీద పిచ్చి దెబ్బలు లేవు. మధ్యాహ్నం తిరిగేసరికి మనిషి లోతు దిగింది. ఇద్దరూ కలిసి చూస్తే ఆ గొయ్యి మంచి గొయ్యి.

గుంటల తాత పూడ్చడానికి పార అందుకున్నాడు. మొదటి పార మన్ను ఎత్తేలోపే గేటు చప్పుడైంది.

మేస్త్రి ఒక్కడే వచ్చాడు. చెప్పులు లేవు.

"అమ్మ పోయింది," అన్నాడు. "గంట మొత్తం విని, అప్పుడు కళ్ళు మూసింది. పెదనాన్నా, గొయ్యి కావాలి. మొయ్యడానికి డిపో వాళ్ళు ఎవరూ రామన్నారు. రారు. నాకు తెలుసు."

అంతలో అతనికి గొయ్యి కనపడింది. దగ్గరికి వచ్చి అంచున నిలబడ్డాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. కొలవడం రానివాడు కూడా తన కొలత గుర్తుపడతాడని గుంటల తాతకు అప్పుడే తెలిసింది.

"ఇది ఎవరికి తవ్వారు?"

గంటాయన చేతుల మన్ను దులుపుకోలేదు. "నీకు," అన్నాడు.

సిలువల మధ్య గాలి ఆగింది. ఎక్కడా ఆకు కదల్లేదు.

"మీ అమ్మ కూడా పొడుగు మనిషే. ఆమెకు సరిపోద్ది," అన్నాడు గంటాయన. "ఒక మూల నేను మోస్తా."

మేస్త్రి అంచున కూర్చున్నాడు. కాళ్ళు లోపలికి జార్చి, నెమ్మదిగా గొయ్యిలోకి దిగాడు. అంత పొడుగు మనిషీ మునిగిపోయాడు. గుంటల తాత చేతిలో పార అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో, ఎవరి కొలతకు తవ్విన గొయ్యిలో వాళ్ళే బతికుండగా దిగడం ఆయన చూడలేదు. పైన గంటాయన, చేతికి అందేంత దూరంలో గడ్డపార. కింద వాడు.

గొయ్యిలోంచి గొంతు వచ్చింది. లోపలి నుంచి వచ్చే గొంతు వేరేగా ఉంటుంది, మట్టి మాట్లాడినట్టు.

"వాడు జారి పడలేదు బాబాయ్. నేనే తోశా. స్టేషన్లో కూడా అదే చెబుతా. అమ్మకు మన్నేసి, నేరుగా అక్కడికే పోతా."

గంటాయన చాలాసేపు నిలబడ్డాడు. గడ్డపార వైపు చూశాడో, దాని పక్కనున్న కొడుకు మట్టికుప్ప వైపు చూశాడో గుంటల తాతకు తెలియలేదు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, చేతికి చుట్టిన గుడ్డ పళ్ళతో విప్పాడు. కిందికి వంగి చెయ్యి చాచాడు.

"ఆ మాట చెప్పడానికి అందులోకి దిగాలా," అన్నాడు. "పైకి రా."

మేస్త్రి మూలన ఉన్న గూట్లో కాలు పెట్టి, ఆ చెయ్యి పట్టుకున్నాడు. చితికిన పొక్కులు, ఎర్రమట్టి, నెత్తురు. పిడికిలి బిగుసుకుంది. గుంటల తాత ఆ పిడికిలినే చూశాడు. మనిషి బరువు సగం పైకి వచ్చినప్పుడు ఒక్కసారి ఆగింది.

చెయ్యి లాగింది.

మేస్త్రి గట్టు మీద కూలబడ్డాడు. గంటాయన తన అరచెయ్యి చూసుకున్నాడు, ఇటు తిప్పి, అటు తిప్పి. పంచెకు తుడుచుకుని లేచాడు.

"గంట కొట్టొస్తా. ఆమెకు కొట్టాలి కదా," అని గేటు వైపు నడిచాడు.

గుంటల తాత పార తీసుకుని పోయి, దాని మొహం గోడకు పెట్టాడు. షెడ్డు తలుపు దగ్గరగా వేశాడు. తాళం వెయ్యలేదు.